ముందు బోర్డు చదువు

చిరంజీవి చిన్నికి,

రాత్రి పదకొండింటికి మీ అమ్మ ఫోను చేసింది. ఆ వేళప్పుడు ఫోను మోగితే నా ప్రాణం ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా? "పిల్ల ఎవరి దగ్గరికో వశీకరణానికి వెళ్తోందట వదినా" అని ఒకటే ఏడుపు. తీరా అడిగితే తేలిందేమిటి? ఏడాదిగా మందులు మింగినా నీ కడుపు దారికి రావడం లేదు, పరీక్షలన్నీ బాగున్నాయి, ఇది ఐబీఎస్ అనే పేగుల జబ్బు, హిప్నోథెరపీ చేయించుకుని చూడమని కడుపు డాక్టరే అన్నాడని. ముప్ఫై నాలుగేళ్ళు నర్సుద్యోగం చేసినదాన్ని, విరేచనాల సంగతి నాకు చెప్పడానికి సిగ్గేమిటే నీకు?

మీ అమ్మనేం అనకు. తనకు హిప్నాటిజం అంటే పట్టాభిరామ్ గారి స్టేజీ ప్రదర్శనలూ, సినిమాల్లో గొలుసు గడియారం ఊపే విలనూ. ఒళ్ళు తెలియకుండా పోతుందేమో, ఉన్నవీ లేనివీ వాగేస్తానేమో, మళ్ళీ మెలకువ రాదేమో అని నువ్వే తనతో అన్నావట. అవి విన్నాక ఆవిడకు నిద్రెలా పడుతుంది?

నా సంగతి విను. నర్సింగ్ స్కూల్లో రెండో ఏడు వార్షికోత్సవానికి ఒక మెజీషియన్ని పిలిపించారు. నల్లకోటు, నూనె కారే జుట్టు. ఆరుగురం స్టేజీ ఎక్కాం. కళ్ళు మూసుకోమని, చేతిలో గాలం ఉందన్నాడు. లేని గాలం, లేని చేప, అది లాగుతుంటే నా మోచెయ్యి నిజంగానే వంగింది చిన్నీ! హాలంతా నవ్వుతోందని తెలుసు, ముందు వరసలో మా వార్డెను దగ్గుతోందనీ తెలుసు. కానీ అదంతా పక్కవీధి పెళ్ళిలో మేళంలా ఎక్కడో ఉంది. చివర్లో ఆయన వేళాకోళానికి "నీ దగ్గరున్న డబ్బంతా నా చేతిలో పెట్టు" అన్నాడు. కొంగున మెస్సు బిల్లు 40 రూపాయలు ముడేసి ఉన్నాయి. నా చెయ్యి పోయి ఆ ముడి మీద బిగుసుకుంది, కళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి. "ఇవ్వను" అన్నాను మైకులో. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ నా పేరు 'ఇవ్వను'.

అదీ హిప్నాటిజం శక్తి. మనకిష్టం లేనిది చేయించలేదు, చెప్పదలుచుకోనిది చెప్పించలేదు. నిద్ర కాదది, ధ్యాసంతా ఒకచోట కుదురుకోవడం. తంటా అంతా పేరుతోనే వచ్చింది. 1840ల్లో మాంచెస్టర్‌లో జేమ్స్ బ్రెయిడ్ అనే సర్జను నిద్రకు గ్రీకులో ఉన్న మాట తీసుకుని ఆ పేరు పెట్టాడు. తరవాత ఇది నిద్ర కాదని తనే తెలుసుకుని మారుద్దామనుకున్నాడు, అప్పటికే పేరు ఊరంతా పాకిపోయింది. ఇక మెలకువంటావా, వైద్యుడు మధ్యలో లేచి కాఫీకి వెళ్ళిపోయినా కాసేపటికి నీ కళ్ళు నువ్వే తెరుస్తావు. లేదంటే మామూలుగా ఓ కునుకు తీసి ఆకలేసి లేస్తావు.

మా కాలిన గాయాల వార్డులో ఒక పెద్ద సిస్టరు ఉండేది. కట్లు విప్పేటప్పుడు పిల్లల చెవి దగ్గర కూర్చుని "మీ ఇంటి దగ్గర మామిడిచెట్టుందా? కింది కొమ్మకి ఎన్ని కాయలున్నాయో లెక్కపెట్టు, తొందరేం లేదు" అనేది, గొంతు బాగా తగ్గించి. పదకొండో కాయ దగ్గరికొచ్చేసరికి నేను గాజుగుడ్డ తీసేసేదాన్ని. ఆవిడ హిప్నాటిజం అన్న మాటే ఎత్తలేదు. 1845లో, మత్తుమందు ఇంకా మన దేశానికి రాకముందు, హుగ్లీలో ఎస్డెయిల్ అనే డాక్టరు ఇలాంటి పద్ధతితోనే పెద్దపెద్ద కణితులు కోశాడని తరవాతెప్పుడో చదివి, మా సిస్టరే గుర్తొచ్చింది.

నీ జబ్బుకి హిప్నోథెరపీని ఊరికే చెప్పలేదు మీ డాక్టరు. ఆ మాంచెస్టర్‌లోనే 1984లో వోర్వెల్ అనే డాక్టరు, మందులకు లొంగని 30 మందిని రెండు జట్లు చేసి చూస్తే హిప్నోథెరపీ జట్టు బాగా కోలుకుంది. 12 నెలలు మందులు వాడినా తగ్గకపోతే దీన్నీ ఆలోచించమని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందరికీ ఒకేలా పట్టదు, అదీ నిజమే. ఒక్కసారితోనూ అయిపోదు, వారానికోసారి చొప్పున రెండు మూడు నెలలు పడుతుంది.

సరే, అసలు విషయం. బోర్డు. లోపలికి వెళ్ళేముందు గుమ్మం దగ్గర నిలబడి బోర్డు మొత్తం చదువు. 'సర్టిఫైడ్ హిప్నోథెరపిస్ట్' అని బంగారు రంగులో రాసుంటే మురిసిపోకు, రెండు రోజుల కోర్సు చేసినవాళ్ళూ ఆ మాట రాసుకోవచ్చు. సైకియాట్రిస్టయితే మెడికల్ కౌన్సిల్ నంబరుంటుంది. క్లినికల్ సైకాలజిస్టయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నంబరుంటుంది, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకో. బరువు తగ్గించడం, బట్టతల, విదేశీ వీసా, గతజన్మ దర్శనం అన్నీ ఒకే బోర్డు మీదుంటే మెట్లు కూడా ఎక్కకు. గతజన్మ సంగతి మరీ జాగ్రత్త. ఆ స్థితిలో మనసు అడిగినవాళ్ళకు కావలసిన కథ అల్లి ఇస్తుంది, తరవాత అది నిజంగా జరిగిందనే అనిపిస్తుంది. మన ఇంట్లో ఈ జన్మలో జరిగినవి చాలవూ? పది సిట్టింగుల ప్యాకేజీ ముందే కట్టమన్నా లేచి వచ్చెయ్. రసీదు అడుగు, రసీదు మీదా నంబరు చూడు. నవ్వుతున్నావు కదూ? మా వార్డుకి ఒకాయన 'డాక్టర్' అని బోర్డు పెట్టుకున్నవాడు ఎక్కించిన సెలైన్ గొట్టంతో సహా వచ్చాడు. ఆయన భార్య నన్నడిగింది, "బోర్డు ఉంది కదమ్మా?" అని. అప్పటినుంచి బస్సులో వెళ్తూ కూడా బోర్డులు చదువుతాను.

ఇంకోటి. బరువు తగ్గుతున్నా, రక్తం పడుతున్నా, అర్ధరాత్రి నిద్రలోంచి లేచి పరిగెత్తాల్సి వస్తున్నా ముందు కడుపు డాక్టరుకే చెప్పాలి. నువ్వు వేసుకునే థైరాయిడ్ మాత్ర ఎవరేమన్నా మానకు. ఇంట్లో వినమని ఆడియో ఇస్తారు, పడుకుని విను. స్కూటీ మీద చెవుల్లో పెట్టుకున్నావని తెలిస్తే నేనే బయల్దేరి వస్తాను. అన్నట్టు తెలుగులో మాట్లాడేవాళ్ళని చూసుకో. కడుపు మీద చెయ్యి పెట్టుకుని వెచ్చదనం ఊహించమంటారు, నది నెమ్మదిగా పారుతున్నట్టు అనుకోమంటారు. నీకు నదెందుకు, మన కాలువ అనుకో. లాకుల దగ్గర తలుపు కాస్త కాస్తగా ఎత్తేవాడు చూడు సూరన్న, నీళ్ళు ఉరకలెత్తకుండా.

పరీక్షల రోజుల్లో మీ నాన్న చెంబు పట్టుకుని మూడుసార్లు దొడ్లోకి పరిగెత్తేవాడు. స్కూలు గంట మోగేదాకా గేటు దగ్గర నేను నిలబడేదాన్ని, వాడి చెయ్యి పట్టుకుని. ఎవరికీ చెప్పొద్దనేవాడు. ఇన్నాళ్ళూ చెప్పలేదు. వాడి కడుపే నీకొచ్చింది తల్లీ.

మొదటిసారి ఒక్కదానివే వెళ్ళకు. మీ అమ్మని తీసుకెళ్ళి వరండాలో కూర్చోబెట్టు, లోపల భయపడాల్సిందేమీ లేదని ఆవిడకే తెలుస్తుంది. వేయించిన వాము పొడి కొరియర్లో పంపాను, మజ్జిగలో వేసుకో.

బోర్డు ఫోటో తీసి నాకు పంపు. నంబరు కనబడేలా.

మీ అత్తయ్య