ఉగాది చేదు - వసంత ఋతుచర్య

చైత్ర శుద్ధ పాడ్యమినాడు తెలుగింట తొలుత నాలుకకు తగులునది వేపపువ్వు. అది జీవితమందలి కష్టమునకు గుర్తు అని పెద్దలు చెప్పుదురు. అది సత్యమే. అయినను ఆ చేదునకు దేహమునకు సంబంధించిన ప్రయోజనము వేరుగా కలదు. దానిని ఎంత తినవలెను, ఎన్ని దినములు తినవలెను, ఎప్పుడు మానవలెను అను విషయమును కర్నూలు, కడప ప్రాంతముల వాతావరణమును బట్టి తెలిసికొందము.

వసంతమున దేహస్థితి

చలికాలమున తిన్న బరువైన, జిడ్డైన, తీయని ఆహారముచే దేహమున కఫము పేరుకొనును. వసంతమున సూర్యుని వేడిమికి అది కరగి జఠరాగ్నిని మందగింపజేయును. చరక సంహిత సూత్రస్థానము 6వ అధ్యాయమును, అష్టాంగ హృదయము సూత్రస్థానము 3వ అధ్యాయమును ఈ సంగతిని వివరించుచున్నవి. జలుబు, దగ్గు, ఆకలి లేమి, ఒళ్లు బరువు, పగటి మగత ఈ కోవకు చెందినవి. కనుక ఈ ఋతువున చేదు, కారము, వగరు రుచులు హితములు. బరువైనవి, జిడ్డైనవి, పులుపు, తీపి తగ్గింపవలెను. పగటినిద్ర మానవలెను.

ఇతర దేశముల వసంతము

చలికాలము ముగియగనే ఘాటైన లేక చేదైన పచ్చి ఆకును రుచి చూచు ఆచారము ఇతర దేశములందును కలదు. ఇరాన్ దేశీయులు మార్చి 20 లేక 21వ తేదీన, పగలు రాత్రి సమానమగు వేళ, నౌరోజ్ జరుపుకొందురు. ఆనాటి పళ్లెమున ఏడు వస్తువులనుంచుదురు. వెల్లుల్లి, వెనిగరు, మొలకెత్తించిన గోధుమ పైరు వానిలోనివి. 2010లో ఐక్యరాజ్యసమితి మార్చి 21ని అంతర్జాతీయ నౌరోజ్ దినముగా గుర్తించినది. యూదులు వసంతమున వచ్చు పస్కా పండుగనాడు తమ పూర్వుల దాస్యమును తలచుకొనుచు చేదు ఆకులను తిందురు. కొరియా దేశమున ఫిబ్రవరి 4వ తేదీ ప్రాంతమున వచ్చు వసంతారంభమునకు ఘాటైన ఐదు కూరాకులు కలిపి తిను సంప్రదాయము కలదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఏడు ఆకులతో చేయు పచ్చని పులుసు వసంతకాలపు వంటకము.

వీరి విశ్వాసములు వేరు, కారణములు వేరు. నెలల తరబడి నిలువ ఆహారము తిన్న దేహము తాజా ఆకును కోరుట మాత్రము సమానము. అయితే ఆ శీతల దేశములందు చలి మెల్లగా తొలగును. మన సీమలో అట్లు కాదు.

మన సీమ వసంతము

పంచాంగము ప్రకారము చైత్ర వైశాఖములు వసంతము. కాని సుశ్రుత సంహిత దోషముల వృద్ధి క్షయములను లెక్కించునప్పుడు ఫాల్గుణ చైత్రములను వసంతముగను, వైశాఖ జ్యేష్ఠములను గ్రీష్మముగను చెప్పినది. వానలు తక్కువ, ఎండ ఎక్కువ గల రాయలసీమకు ఈ లెక్కయే సరిపోవును. ఏప్రిల్ మాసమున కర్నూలులో ఎండ 40 డిగ్రీలు దాటుట పరిపాటి.

2022లో కర్నూలు నుండి వేరుపడిన నంద్యాల జిల్లాలోని శ్రీశైలమునకు కర్ణాటక భక్తులు ఉగాదికి నల్లమల దారిన కాలినడకన వత్తురు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా తలచి చీరెసారెలు తెత్తురు. ఆ నడకలో వారికి కావలసినది చేదు కషాయము కాదు, చల్లని నీరు. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లిములు, బీబీ నాంచారి తమ ఇంటి బిడ్డయని, వేంకటేశ్వరుని దర్శింతురు. పండుగ అందరిది అయినట్లే ఋతుధర్మమును అందరికి ఒక్కటే.

పాడ్యమి చేదుతో మొదలైన పండుగ కాలము తొమ్మిదవనాడు శ్రీరామనవమి పానకముతో ముగియును. ఒంటిమిట్ట కోదండరాముని సన్నిధిని ఎరిగిన కడప వారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. చేదు నుండి చలువకు మారవలెనను సూచన ఈ తొమ్మిది దినములలోనే ఇమిడియున్నది.

ఆచరణ విధానము

1. ఉగాది పచ్చడిలో నలుగురికి పెద్ద చెంచాడు తాజా వేపపువ్వు వేయవలెను. రెండు రేకులు చల్లి, అరటిపండ్లు, బెల్లము నింపినచో అది పాయసమే అగును.

2. పాడ్యమి నుండి నవమి వరకు, చిటికెడు ఎండు వేపపువ్వును కొద్ది నేతిలో వేయించి, తొలిముద్దలో కలిపి తినవచ్చును.

3. ఈ దినములలో శొంఠి వేసి కాచిన నీరు మంచిది. శాస్త్రము చెప్పిన యవలకు బదులు మనకు జొన్నరొట్టె తగినది. భక్ష్యములు (ఓళిగలు) పండుగనాటికి చాలును.

4. నవమి తరువాత, ఎండ ముదిరినచో అంతకు ముందే, చేదు, కారము తగ్గించి రాగి అంబలి, పుల్లబడని పల్చని మజ్జిగ, కుండనీరు హెచ్చింపవలెను. మధుమేహము గలవారు పానకము మానవలెను.

హెచ్చరిక

మేలు చేయునది కదాయని నెలల తరబడి వేపరసము త్రాగువారు కలరు. అతి చేదు దేహమును ఎండించి వాతమును పెంచును. మండు వేసవిలో అది మరింత హాని. మధుమేహమునకు మాత్రలు వాడువారు వేపరసము త్రాగినచో రక్తములోని చక్కెర మితిమీరి తగ్గవచ్చును. గర్భిణులు, గర్భము కోరువారు వేపను ఔషధముగా సేవింపరాదు. పసిపిల్లలకు వేపనూనె లోనికి ఎన్నడును ఇవ్వరాదు. దానివలన వాంతులు, మూర్ఛలు కలిగి ప్రాణాపాయము సంభవించిన ఉదాహరణములు వైద్యలోకమున నమోదైనవి. ఎండదెబ్బ తగిలి తెలివి తప్పినవారికి ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక, నీడకు చేర్చి ఒళ్లు తడుపుచు వెంటనే ఆసుపత్రికి తరలింపవలెను.

పచ్చడిలోని చేదు ఔషధమే. మితము తప్పినచో ఏ ఔషధమైనను విషమగును. కాలమెరిగి దానిని తినుట ఎంత ముఖ్యమో, కాలమెరిగి మానుటయు అంతే ముఖ్యము.