పాత కారు కొంటున్నారా?

మా హాస్టలు విద్యార్థుల నాన్నలలో పోర్టులో, స్టీల్‌ప్లాంటులో కూలికి వెళ్ళేవారున్నారు. అప్పుచేసి పాత టాక్సీ కొని నడుపుకోవాలన్నది కొందరి ఆశ. అందుకే మేము తెలుసుకున్న సంగతులు వ్రాస్తున్నాము.

విశాఖ ఉప్పుగాలికి బండి అడుగుభాగం తుప్పు పడుతుంది. పైరంగు చూసి మోసపోరాదు. ఆర్.సి., ఇన్సూరెన్సు, ఫైనాన్సు బాకీ, చలానాలు సరిచూడాలి.

2023 ఏప్రిల్ 1 నుండి అమలైన నిబంధనల ప్రకారం పాత బండ్ల డీలరుకు రవాణాశాఖ గుర్తింపు ఉండాలి. ఫారం 29సి ద్వారా బండి తీసుకున్నాక దాని బాధ్యత డీలరుదే.

లోపం దాచి అమ్మితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం క్రింద 2 సంవత్సరాలలోగా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చును. స్వయం ఉపాధికి కొన్న టాక్సీకీ ఈ హక్కు ఉంది. చెల్లించిన ధర 5 లక్షలలోపయితే ఫీజు లేదు. 1915కు ఫోను చేసి సలహా అడగవచ్చును.

రశీదు లేనిదే డబ్బు ఇవ్వవద్దని ఈ సెలవుల్లో ఇంట్లో చెబుదాం. మన చదువు అమ్మానాన్నలకు అలా అక్కరకు రావాలి.