పాము పాలు త్రాగునా?

ఉరముతో, అనగా రొమ్ముతో ప్రాకునది గనుక పామునకు ‘ఉరగము’ అని పేరు. పాము, బల్లి, తాబేలు, మొసలి సరీసృపములు. వీని చర్మముపై పొలుసులుండును. ఇవి ఊపిరితిత్తులతో శ్వాసించును. దేహమునకు వలయు వేడిని ఎండనుండి, నేలనుండి గ్రహించును. అందుచేతనే చలిగానున్న ఉదయమున పాము ఎండకు వచ్చును. పెక్కు జాతులు గ్రుడ్లు పెట్టును. రక్తపింజర వంటివి పిల్లలను కనును.

ఏ సరీసృపమును తన పిల్లలకు పాలీయదు. ఎలుకలు, కప్పలు పామునకు ఆహారము, పాలు కావు. నాగులచవితినాడు పుట్టలో పోసిన పాలు కన్నమును తడిపి, లోని ప్రాణికి బాధ కలిగించును. కావున మీ పెద్దలతో కూడి నాగశిలకు పాలాభిషేకము చేసి, పుట్టకు దూరమునుండియే నమస్కరింపుడు. మన భక్తి పామునకు అపాయము కారాదు.