కీళ్ళవాతము – వృద్ధ స్త్రీల ఎముకల క్షీణత

మన ఇండ్లలో కీళ్ళ నొప్పితో బాధపడే నాయనమ్మలు, అమ్మమ్మలు, దాదీమాలు, నానీమాలు ఎందరో ఉన్నారు. నొప్పి పైకి తెలిసే శత్రువు. దాని చాటున మరొక శత్రువు చప్పుడు లేకుండా పని చేస్తుంటుంది. అదే ఎముకలు గుల్లబారుట. ఈ రెండింటికి గల సంబంధాన్ని విద్యార్థి మిత్రులకు తెలియజేయుటయే మా ఉద్దేశం.

ముందుగా ఒక భేదాన్ని గమనించాలి. వయసు మీరిన కొద్దీ మోకాలి కీలు అరిగి వచ్చే నొప్పి వేరు. రుమటాయిడ్ కీళ్ళవాతము వేరు. రెండవదానిలో శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తియే దారి తప్పి సొంత కీళ్ళపై దాడి చేస్తుంది. చేతివ్రేళ్ళ కీళ్ళు, మణికట్లు వాచి, ఉదయం లేవగానే బిగుసుకొని, చాలాసేపటికి గాని సడలవు. పురుషులలో కంటె స్త్రీలలో ఈ వ్యాధి రెండు మూడు రెట్లు అధికం.

ఎముక రాయి వంటిది కాదు. అది జీవమున్న పదార్థం. పాత ఎముకను కరిగించే కణాలు, కొత్త ఎముకను కట్టే కణాలు అందులో నిత్యం పని చేస్తుంటాయి. ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ తగ్గి, కరిగించే కణాలదే పైచేయి అవుతుంది. కీళ్ళవాతపు వాపులో పుట్టే రసాయనాలు వాటిని మరింత రెచ్చగొడతాయి. నొప్పి వలన నడక తగ్గుతుంది. కదలిక లేని ఎముక బలం కోల్పోతుంది. ఇక నాల్గవ కారణం స్టెరాయిడ్ మాత్రలు.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం ఈ రోగులకు కార్టిసోన్ ఇవ్వగా, కొద్ది రోజులలోనే వారు ఆశ్చర్యకరంగా కోలుకొన్నారు. 1950లో హెంచ్‌కు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమానం లభించింది. అయితే దీర్ఘకాలం వాడినచో ఈ జాతి మందులు ఎముకలను క్షీణింపజేస్తాయని పిమ్మట తేలింది. వైద్యుని చీటీ లేకుండా వీటిని కొని నెలల తరబడి మ్రింగుట ప్రమాదకరం. అట్లని అకస్మాత్తుగా మానుటయు అపాయమే. వైద్యుని సలహాతో క్రమంగా తగ్గించాలి.

వ్యాధి మూలాన్నే అదుపు చేసే మందులు వేరే ఉన్నవి. వానిలో ముఖ్యమైన మెథోట్రెక్సేట్, 1895లో భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వాన లెడర్లీ ప్రయోగశాలలో రూపొందింది. మొదట క్యాన్సరుకు వాడిన ఈ మందుకు 1988లో అమెరికాలో కీళ్ళవాత చికిత్సకై అనుమతి లభించింది. ఈ వ్యాధికి దీనిని వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. పొరపాటున రోజూ తీసుకొన్నచో ప్రాణాపాయం.

ఎముకల సాంద్రతను డెక్సా అను పరీక్షతో కొలుస్తారు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన ప్రకారం టి-స్కోరు మైనస్ 2.5 గాని, అంతకు తక్కువ గాని ఉన్నచో ఎముకలు గుల్లబారినట్లే. తుంటి విరిగిన తరువాత కాదు, విరుగక ముందే ఈ పరీక్ష జరగాలి.

ఆహారం సంగతి చూద్దాం. ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించింది. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు లభిస్తుంది. బియ్యంలో అది స్వల్పం. జహీరాబాదు ప్రాంతపు పేద రైతు మహిళలు పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ద్వారా చిరుధాన్యాల సాగును నిలబెట్టిన సంగతి మనకు తెలిసినదే. రాగి సంకటి, పాలు, పెరుగు, కొంత ఎండ ఎముకకు మేలు చేస్తాయి. ఇంటి పట్టుననే ఉండే వృద్ధులకు పెరటిలోనైనా ఎండ తగలాలి. అయితే ఇవి మందులకు తోడే గాని బదులు కావు.

మిత్రులారా, అవ్వ చేతిలోని మాత్రల అట్టపై అక్షరాలు ఆమె చదువలేకపోవచ్చు, మనం చదువగలం. అది ఏ మందో, ఎన్నాళ్ళుగా వాడుతున్నదో వ్రాసి వైద్యునికి చూపుదాం. రాత్రివేళ ఆమె నడిచే దారిలో దీపం, స్నానాల గదిలో తడి లేని నేల ఉండేట్లు చూద్దాం. మన చదువు ముందుగా మన ఇంటి పెద్దలకు ఉపయోగపడుగాక.