మొదటి పేల్ ఏల్‌కు పాళ్లు

ప్రశ్న: డల్లాస్‌లో మా తమ్ముడింట్లో మొదటిసారి పేల్ ఏల్ కాచాలనుకుంటున్నాం. పాళ్లు చెప్పగలరా? ఇక్కడా చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హైదర్‌గూడ

జవాబు: తెలంగాణలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాచడం నేరం. ఇక్కడ వద్దు. అమెరికాలో సొంత వాడకానికి 1979 నుంచి సమాఖ్య చట్టం అనుమతిస్తోంది.

19 లీటర్లకు పేల్ మాల్ట్ 4 కిలోలు, క్రిస్టల్ మాల్ట్ 350 గ్రాములు చాలు. బరకగా పగలగొట్టి, 67 డిగ్రీల వేడి నిలుపుతూ గంటసేపు నీళ్లలో నానబెట్టండి. వడకట్టిన రసాన్ని గంట మరిగించండి. కాస్కేడ్ హాప్స్ చేదు కోసం మొదట్లోనే 28 గ్రాములు, పంపరపనస తొక్కలాంటి వాసన కోసం చివరి పది నిమిషాల్లో మరో 28 గ్రాములు వేయండి.

మరిగే పాలలో చేమిరి వేస్తే పెరుగు తోడుకోదు. ఈస్టూ అంతే. రసం 20 డిగ్రీలకు చల్లారాకే కలిపి, రెండు వారాలు కదపకండి. చల్లారిన రసాన్ని తాకే ప్రతి పాత్రనూ శానిటైజ్ చేయండి. రుచిని కాపాడేది ఆ శుభ్రతే.