ఆదివాసి స్త్రీల రక్షణ: పంచాయతీ సభ్యుల కర్తవ్యము

హైదరాబాదు పాతబస్తీలో మూసీ నది దక్షిణ తీరమున ఉన్నత న్యాయస్థాన భవనము కలదు. దానికిని విశాఖ మన్యములోని వాకపల్లికిని నడుమ వందల మైళ్ళ దూరము. ఆ గ్రామపు కోదు స్త్రీలు న్యాయము కొరకు నడచిన దారి అంతకన్నను దీర్ఘమైనది.

2007 ఆగస్టు 20న గాలింపునకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారము చేసిరని 11 మంది స్త్రీలు ఫిర్యాదు చేసిరి. 13 మంది పోలీసులపై విచారణ జరుగవచ్చునని పాతబస్తీలోని ఉన్నత న్యాయస్థానము 2012లోను, సర్వోన్నత న్యాయస్థానము 2017లోను తీర్పు చెప్పినవి. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్టణపు ప్రత్యేక న్యాయస్థానము ఆ 13 మందిని నిర్దోషులని విడుదల చేసినది. అయితే దర్యాప్తు సక్రమముగా జరుగలేదని పేర్కొని, ఆ స్త్రీలకు నష్టపరిహారము చెల్లింపవలెనని ఆదేశించినది.

దీనివలన మనము గ్రహింపదగిన పాఠ మొకటి కలదు. మొదట జారిపోయిన సాక్ష్యమును పదునైదేండ్లు గడచిన పిమ్మట ఏ న్యాయస్థానమును తిరిగి తేజాలదు. కావున మొదటి దినమున గ్రామము చేయు సహాయమే మిక్కిలి విలువైనది.

మొదటిది: తప్పుసొమ్ము కట్టించి ఇట్టి నేరమును మాపు చేయు అధికారము పంచాయతీకి గాని, కులపెద్దలకు గాని లేదు.

రెండవది: 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు చేయవచ్చును. బాధితురాలి మాటలను మహిళా అధికారియే వ్రాసికొనవలెను. ప్రతిని ఉచితముగా నీయవలెను. ఠాణాలో నిరాకరించినచో జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు తపాలాలో పంపవచ్చును.

మూడవది: బట్టలు ఉతుకకుండ భద్రపరచి, ఆమెను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. చికిత్స ఉచితము. వైద్యపరీక్షకు 24 గంటలలోపల పంపుట పోలీసుల విధి.

నాల్గవది: కువి, కోయ, గోండి మొదలగు ఆమె మాతృభాష నెరిగిన నమ్మకమైన స్త్రీ నొకరిని తోడు పంపవలెను. ఆమె పేరును వెల్లడి చేయరాదు.

అయిదవది: నేరము చేసినవాడు షెడ్యూల్డు కులములకు గాని, తెగలకు గాని చెందనివాడైనచో 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము వర్తించును, ఆ సంగతి ఫిర్యాదులోనే వ్రాయింపవలెను.

సహాయమునకు 181, అత్యవసరమునకు 112, ఉచిత న్యాయ సహాయమునకు 15100 ఫోను సంఖ్యలు కలవు. సభ్యులు ఈ విషయములను గ్రామసభలో చదివి వినిపించి, ఆ సంఖ్యలను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను.