నాలుగు కార్డ్‌లతో మొదటి పాట

ప్రశ్న: గిటార్ కొత్తగా నేర్చుకుంటున్నాను. జి, డి, సి, ఎ మైనర్ పట్టగలను కానీ, మార్చేసరికి లయ తప్పుతోంది. ఏ పాటతో మొదలుపెట్టను?

జవాబు: బాబ్ డిలన్ ‘నాకిన్ ఆన్ హెవెన్స్ డోర్’ పట్టుకోండి. మీకొచ్చిన ఆ నాలుగే అందులో ఉన్నాయి, నడకా నెమ్మది. జి రెండు దెబ్బలు, డి రెండు, ఎ మైనర్ నాలుగు. తర్వాతి వరుసలో ఎ మైనర్ స్థానంలో సి. పాటంతా ఇదే. ఎ మైనర్ పట్టులో ఉంగరపు వేలొక్కటే మూడో తీగ నుంచి ఐదో తీగ మూడో ఫ్రెట్‌కి జరిపితే సి వచ్చేస్తుంది, మిగతా రెండు వేళ్లూ కదపక్కర్లేదు.

ఈ పాటను డిలన్ 1973లో శామ్ పెకిన్‌పా తీసిన ‘పాట్ గారెట్ అండ్ బిల్లీ ది కిడ్’ సినిమా కోసం రాశారు. అందులో చిన్న వేషం కూడా వేశారు. తూటా తగిలిన షెరీఫ్ తన భార్య కళ్లముందే ప్రాణం వదులుతుంటే వినిపించే పాట ఇది. ఆ సన్నివేశం ఒకసారి చూడండి, చెయ్యి తనంతట తనే నెమ్మదిస్తుంది. గన్స్ ఎన్ రోజెస్ 1991లో ఆల్బమ్‌లో పెట్టిన రూపం నాకూ ఇష్టమే, కానీ అది తర్వాత. కార్డ్ సరిగా పడకపోయినా కుడిచెయ్యి మాత్రం ఆపకండి.